నూట పన్నెండో మెట్టు దాకా

మన కొండ వాళ్ళందరికీ నమస్కారం, సలాం.
నేను కార్పొరేటర్ మస్తాన్‌బీని.
సొరంగం దగ్గర స్కూటర్ ఆగిపోయింది,
వెనక లారీల మోత వినపడితే ఏమనుకోవద్దు.

రేపు నీళ్ళు తెల్లారగట్ల నాలుగున్నరకి.
నూట పన్నెండో మెట్టు దాకా ఖాయం.
ఆ పైన ఉన్నోళ్ళకి
యేసోబు వాల్వు తిప్పి, పైపుకి చెవి ఆనించి
కాసేపాగి చెప్తాడు.
నీళ్ళు కొండెక్కే చప్పుడు
అతనికి తప్ప ఇంకెవరికీ తెలీదు,
ఇంజనీరు గారికి కూడా.
మీ డాబాల మీద నిలబడితే బ్యారేజీ నిండా కృష్ణ కనపడుద్ది,
బిందెలో మాత్రం అడుగు కనపడుద్ది.
నాకు తెలుసు. నాదీ తొంభయ్యో మెట్టే.

మలుపులో లైటు వేయించాను.
వేసిన రాత్రే రాయి పెట్టి కొట్టారు.
ఎవరో నాకు తెలుసు. వాళ్ళమ్మకీ తెలుసు.
ఇంకోటి వేయిస్తా.
ఒరే నాయనా, ట్యూషన్ నుంచి మీ చెల్లి
ఆ మలుపు మీంచే రావాలి.

కాలవలో పరుపు పడేసినోళ్ళు ఎవరో గాని,
పరుపుతోపాటు రెండు దిండ్లు,
ఒక పెళ్ళి ఆల్బం కూడా పైకొచ్చాయి.
ఆల్బం ఆఫీసులో ఫ్యాను కింద పెట్టించాను.
ఎవరిదని అడగను. ఎందుకని కూడా అడగను.

శనివారం కమ్యూనిటీ హాల్లో కొప్పనాతి వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షను,
ఆదివారం అక్కడే కళ్ళ పరీక్ష.
కుర్చీలు అట్టాగే ఉంచండి.

ఐస్ పెట్టె ఇవాళ ఖాళీ లేదు.
నూట అరవయ్యో మెట్టు సౌభాగ్యమ్మ గారు.
చెల్లెలు విశాఖలో రైలెక్కింది.
పెట్టె మొయ్యడానికి ఆరుగురు కావాలన్నాను,
పదకొండు మంది వచ్చారు.
అందులో లైటు పగలగొట్టినోడు కూడా ఉన్నాడు,
ముందు వైపు పట్టుకున్నాడు, బరువంతా ఉండే వైపు.

ఇంకో మాట. నాకు ఫోన్ చేసి
‘సార్ లేరా మేడం’ అని అడగొద్దు.
సార్ మిక్సీలు బాగుచేసుకుంటున్నారు.
మీ మిక్సీ పాడైతే ఆయన్నే అడగండి.

ఇక గోడ.

(ఇక్కడ ఆపేశాను.
ఇందాక చెప్పింది చెరిపేశాను.
‘పరిశీలనలో ఉంది’ అని
నా నోటితో నేనే అన్నాను.
ఎవరి గొంతో అది.)

కౌన్సిల్లో నాకు రెండు నిమిషాలిచ్చారు.
ఒక నిమిషం మైకు పలకలేదు.
మూడు అర్జీలూ ఒకే ఫైల్లో ఉన్నాయి,
ఆ ఫైలుకి మెట్లెక్కడం రాదు.

పోయిన వానలో బండ జారి
వీరాస్వామి వంటింటి మీద పడ్డప్పుడు
పొయ్యి మీద పాలున్నాయి.
ఇంట్లో మనుషుల్లేరు.
ఆ పూట నీళ్ళు గంట ఆలస్యం,
కింద కుళాయి దగ్గర బిందెలతో నిలబడి
నన్ను తిడుతున్నారు ముగ్గురూ.
అందుకని బతికారు.

ఇది ఎట్టా చెప్పను?
నా చేతగానితనం ముగ్గుర్ని కాపాడిందనా?
గోడ లేకపోయినా పర్లేదు,
నీళ్ళు రాకపోతే చాలనా?
వీరాస్వామి భార్య మర్నాడు వచ్చి
నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది,
తిట్టినందుకు క్షమించమంది.
నేను ఏం మాట్లాడలేదు.
టీ ఇచ్చాను.

మళ్ళీ రికార్డు చేశాను.

గోడ లేదు. వచ్చిద్దని నేను చెప్పను,
వచ్చిందాకా అడుగుతానని చెప్తున్నా.
వాన పెద్దదైతే బడి తాళం నా దగ్గరుంది,
ఏ రాత్రయినా తలుపు కొట్టండి.
పొయ్యి ఆపి రండి.
ఉంటాను.

పంపించి స్కూటర్ తోసుకుంటూ నడిచాను.
ఒక్కో ఇంట్లోంచి నా గొంతే
ముందూ వెనకా అవుతూ,
ఒకచోట ‘నాలుగున్నరకి’,
ఇంకోచోట ‘కుర్చీలు’,
ఎక్కడో పైన ‘పొయ్యి ఆపి’.

జవాబులు వచ్చాయి.
బొటనవేళ్ళు, దండాలు,
‘మేడం, సార్ నంబరు పెట్టండి’ ఒకటి.

పదకొండు దాటాక, పేరు సేవ్ చెయ్యని నంబరు నుంచి:
అక్కా, ఆల్బం ఆరిందా?